మెసా బోర్డుకు మారిన తర్వాత జెడ్ అక్షం కొద్దికొద్దిగా కిందికి జారుతోంది: లినక్స్‌సీఎన్‌సీలో తప్పు ఎక్కడ వెతకాలి?

టేకుపొట్టు, రాజమహేంద్రవరం (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. సింహద్వారాలకు, పూజగది తలుపులకు టేకు మీద నగిషీలు చెక్కి ఇచ్చే చిన్న దుకాణం మాది. కంప్యూటర్ ఆదేశాల ప్రకారం చెక్కను చెక్కే మూడక్షాల రూటర్ యంత్రం ఒకటి ఉంది. అందులో కిందికీ పైకీ కదిలేది జెడ్ అక్షం. మూడింటికీ 5 మి.మీ. లీడ్ (ఒక చుట్టుకు కదిలే దూరం) ఉన్న బాల్‌స్క్రూలు, పల్సుకు ఒక స్టెప్పు చొప్పున తిరిగే నెమా 23 స్టెప్పర్ మోటార్లు, డీఎం542 రకం డ్రైవర్లు, 36 వోల్టుల సప్లై ఉన్నాయి. డ్రైవర్ల మీది స్విచ్‌లను చుట్టుకు 1600 పల్సులకు పెట్టాను కాబట్టి ఐఎన్‌ఐ (సెట్టింగుల) ఫైలులో స్కేల్ విలువ 320, అంటే మిల్లీమీటరుకు 320 స్టెప్పులు.

మూడేళ్లుగా దీన్ని ఒక పాత కంప్యూటర్ ప్యారలల్ పోర్టు నుంచి లినక్స్‌సీఎన్‌సీ అనే యంత్ర నియంత్రణ సాఫ్ట్‌వేరుతో నడిపాను. ఆ కంప్యూటర్ లేటెన్సీ (పనిని సరైన క్షణానికి మొదలుపెట్టడంలో ఆలస్యం) బాగుండేది కాదు. బేస్ పీరియడ్‌ను, అంటే పల్సులు పంపే పని మళ్లీ మళ్లీ జరిగే వ్యవధిని, 40,000 నానోసెకన్ల కంటే తగ్గిస్తే ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ రియల్‌టైమ్ డిలే’ అనే హెచ్చరిక వచ్చేది. ఒక్కో స్టెప్పుకు రెండు పీరియడ్లు పడతాయి గనుక సెకనుకు 12,500 స్టెప్పులకు, అంటే నిమిషానికి సుమారు 2,300 మి.మీ. వేగానికి మించి వెళ్లగలిగేవాడిని కాదు. ఒక గజలక్ష్మి ప్యానెల్ దించడానికి రోజంతా పట్టేది.

పోయిన నెలలో, పల్సులను తానే తయారుచేసే మెసా 7ఐ96ఎస్ బోర్డు తెప్పించాను. వేరే కంప్యూటరులో డెబియన్ 12 మీద లినక్స్‌సీఎన్‌సీ 2.9 వేసి, బోర్డును నెట్‌వర్క్ తీగతో నేరుగా కలిపి, పీఎన్‌సీకాన్ఫ్ అనే ప్రోగ్రామ్ సాయంతో కొత్త కాన్ఫిగరేషన్ తయారుచేశాను. నడుస్తున్న యంత్రాన్ని చెడగొట్టుకోవడం ఎందుకని స్కేలు, డ్రైవర్ టైమింగు వంటి అంకెలన్నీ పాత ఫైలులో ఉన్నవే మార్చకుండా తెచ్చుకున్నాను. సర్వో థ్రెడ్ (కంప్యూటరు బోర్డుతో మాట్లాడే వ్యవధి) 1 మిల్లీసెకను, లేటెన్సీ పరీక్షలో గరిష్ఠ జిట్టర్ (ఆ సమయంలో వచ్చే హెచ్చుతగ్గు) 38 మైక్రోసెకన్లు వచ్చింది. ఇప్పుడు నిమిషానికి 4,500 మి.మీ. వేగంతో మోటార్లు ఎక్కడా ఆగకుండా తిరుగుతున్నాయి. ఇంతవరకూ సంతోషమే.

చిక్కు అంతా జెడ్ దగ్గర వచ్చింది. మూడు గంటలు పట్టే రిలీఫ్ పనిలో ఎడమవైపు ఏనుగు సరిగ్గానే వస్తుంది. కుడివైపు ఏనుగు దగ్గరికి వచ్చేసరికి చెక్కుడు దాదాపు 1 మి.మీ. ఎక్కువ లోతుకు దిగి, దంతం చివర తునిగిపోతోంది. పని అయ్యాక జెడ్‌ను సున్నాకు తెస్తే తెర మీద సున్నాయే కనిపిస్తుంది, బిట్ మాత్రం చెక్క పైభాగం కంటే కిందనే ఉంటుంది. ఫాలోయింగ్ ఎర్రర్ గానీ మరే హెచ్చరిక గానీ రాదు. కప్లింగులు బిగించాను, యాక్సిలరేషన్ సగానికి తగ్గించాను, డ్రైవర్ కరెంటు ఒక మెట్టు పెంచాను. ఏదీ ఫలించలేదు. స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) నడిపే వీఎఫ్‌డీ, అంటే దాని వేగం మార్చే విద్యుత్ పరికరం, నుంచి వచ్చే నాయిస్ అని ఒకరు, లినక్స్ వదిలేసి వేరే కంట్రోలర్ కొనమని మరొకరు అన్నారు. రెండో సలహా నాకు ఇష్టం లేదు. ఇది కాక, వారానికి ఒకసారి ‘ఎర్రర్ ఫినిషింగ్ రీడ్’ అనే సందేశం వచ్చి యంత్రం ఆగిపోతోంది. ఈ రెండింటికీ సంబంధం ఉందా? ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు.


పాతలేత్, కోయంబత్తూరు (జవాబు)

టేకుపొట్టు గారూ, సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లే ముందు బిట్‌ను పట్టి ఉంచే కొల్లెట్ చూడండి. స్పైరల్ బిట్ చెక్కను పైకి లాగుతూ కోసేటప్పుడు తాను కిందికి జారాలని చూస్తుంది. కొల్లెట్ అరిగినా, లోపల టేకు జిగురు పేరుకున్నా, బిట్ షాంక్ (కాడ) కొలత కొల్లెట్ కొలతకు కొంచెం తేడాగా ఉన్నా, గంటల తరబడి నడిచిన తర్వాత బిట్ ఒక మిల్లీమీటరు బయటికి వచ్చేయడం వింతేమీ కాదు. లక్షణాలు మీరు చెప్పినవే ఉంటాయి: లోతు క్రమంగా పెరుగుతుంది, తెర మీద అన్నీ సరిగ్గా ఉంటాయి, ఏ హెచ్చరికా రాదు. నేను ఒకసారి దీని కోసం రెండు రోజులు హాల్ ఫైళ్లు (లినక్స్‌సీఎన్‌సీ భాగాలను ఒకదానికొకటి కలిపే ఫైళ్లు) తిరగేసి, చివరికి కొత్త కొల్లెట్ కొనుక్కొచ్చాను. పని మొదలుపెట్టే ముందు కొల్లెట్ నట్ అంచు దగ్గర షాంక్ మీద మార్కరుతో గీత పెట్టి, బయటికి కనిపించే బిట్ పొడవును కాలిపరుతో కొలిచి రాసుకోండి. పని అయ్యాక మళ్లీ కొలవండి.

బిట్ కదలకపోతే మోటారు షాఫ్ట్ మీద, కప్లింగ్ మీద, స్క్రూ మీద ఒకే వరసలో గీత గీయండి. జారేది కప్లింగును బిగించే గ్రబ్ స్క్రూ అయితే ఆ గీతలు ఒకదానికొకటి తప్పుకుంటాయి. ఈ రెండూ బాగుంటే నేను చెప్పగలిగింది అయిపోయినట్టే.


మైక్రోసెకను, హైదరాబాద్ (జవాబు)

పాతలేత్ గారు చెప్పిన రెండు పరీక్షలూ ముందు చేయండి. ఆ లోపు తెర మీది సున్నా గురించి ఒక మాట. మీ యంత్రంలో ఎన్‌కోడర్లు, అంటే మోటారు నిజంగా ఎంత తిరిగిందో చెప్పే పరికరాలు, లేవు. లినక్స్‌సీఎన్‌సీ చూపే స్థానం మోటారు నుంచి వచ్చినది కాదు, బోర్డులో పల్సులు తయారుచేసే స్టెప్‌జెన్ తాను ఎన్ని పల్సులు పంపిందో లెక్కపెట్టుకుని చెప్పినది. ఫాలోయింగ్ ఎర్రర్ కూడా ఆ లెక్కకూ ఆదేశానికీ మధ్య తేడానే చూస్తుంది. పల్సు బోర్డు దాటిన తర్వాత డ్రైవర్ దాన్ని వదిలేసినా, తప్పు దిశలో తీసుకున్నా, మోటారు తడబడినా సాఫ్ట్‌వేరుకు తెలిసే దారి లేదు. కాబట్టి హెచ్చరిక రాకపోవడాన్ని బట్టి తప్పు బోర్డు అవతల ఉందని మాత్రమే అనుకోవచ్చు. ‘ఎర్రర్ ఫినిషింగ్ రీడ్’ అలా కాదు, అది వచ్చినప్పుడు యంత్రం ఆగి మరీ చెబుతుంది. చప్పుడు లేకుండా జారడానికీ దానికీ సంబంధం ఉండదని నా అంచనా.

ఇప్పుడు స్పిండిల్ హౌసింగ్ కింద డయల్ గేజ్ పెట్టి, బిట్ తీసేసి, చెక్క లేకుండా మూడు పరీక్షలు చేయండి. మొదటి దానిలో ఓ-వర్డ్ రిపీట్ లూప్ (ఒకే కదలికను పదేపదే చేయించే ఆదేశం) రాసి జెడ్‌ను 1 మి.మీ. కిందికి, మళ్లీ పైకి, 1000 సార్లు పంపండి. మొత్తం ప్రయాణం 2,000 మి.మీ., దిశ మారేది 2,000 సార్లు. రెండో దానిలో అదే వేగంతో 100 మి.మీ. కిందికి, 100 మి.మీ. పైకి, 10 సార్లు. ప్రయాణం అదే 2,000 మి.మీ., కానీ దిశ మారేది 20 సార్లే. మూడో దానిలో జెడ్‌ను కదపకుండా, డ్రైవర్లను ఆన్‌లోనే ఉంచి, స్పిండిల్‌ను పనిలో వాడే వేగంతో అరగంట తిప్పండి. ప్రతి పరీక్ష తర్వాత గేజ్ ఎంత చూపిందో, ఏ వైపుకు చూపిందో రాయండి.

రెండో పరీక్షలో తేడా వస్తే మోటారు బలం చాలడం లేదనో, పల్సు వెడల్పు చాలడం లేదనో చూడాలి. మూడో దానిలో వస్తే వీఎఫ్‌డీ నాయిస్‌ను అనుమానించాలి. మొదటిదానిలో మాత్రమే వస్తే నాకు ఒక అనుమానం ఉంది, అందుకే అడుగుతున్నాను: మీరు పాత ఫైలు నుంచి తెచ్చుకున్న డ్రైవర్ టైమింగు అంకెలు నాలుగూ ఇక్కడ పెట్టండి. స్టెప్ తీగలను డ్రైవరుకు ఎలా కలిపారో కూడా చెప్పండి.


టేకుపొట్టు (ఫలితాలు)

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాత పని మీదే బిట్ పొడవు కొలిచాను, ముందూ తర్వాతా 22.4 మి.మీ. మార్కర్ గీతలు కూడా కదల్లేదు. ఆ పనిలో చెక్కుడు మాత్రం మామూలుగానే కిందికి జారింది.

గేజ్ పరీక్షల సంగతి. మొదటి దానిలో జెడ్ 0.40 మి.మీ. కిందికి వచ్చింది. నమ్మకం కుదరక మళ్లీ చేశాను, రెండోసారి 0.37 వచ్చింది, అదీ కిందికే. రెండో పరీక్షలో ముల్లు మళ్లీ సున్నా మీదికే వచ్చి నిలిచింది. స్పిండిల్ తిప్పుతూ చేసిన మూడో దానిలో హౌసింగ్ వేడెక్కడం వల్ల కాబోలు ఒక గీత కంటే తక్కువ కదిలింది, చల్లారాక వెనక్కి వచ్చేసింది.

టైమింగు అంకెలు ఇవి: స్టెప్ టైమ్ 2000, స్టెప్ స్పేస్ 1000, డైరెక్షన్ హోల్డ్ 200, డైరెక్షన్ సెటప్ 200, అన్నీ నానోసెకన్లలో. మూడేళ్ల కిందట స్టెప్‌కాన్ఫ్ (ప్యారలల్ పోర్టుకు కాన్ఫిగరేషన్ తయారుచేసే ప్రోగ్రామ్) జాబితాలో నా డ్రైవర్ పేరు కనిపించక, మరో డ్రైవర్ పేరు ఎంచుకున్నప్పుడు వచ్చినవి. అప్పటి నుంచి బాగానే నడిచింది కదా అని వాటిని ముట్టుకోలేదు. తీగలు మాత్రం ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్‌గా జతలుగానే కలిపాను, ఉమ్మడి 5 వోల్టుల తీగ వాడలేదు. ఒక్కటి అర్థం కావడం లేదు: ఈ అంకెలే తప్పయితే పాత కంప్యూటరులో మూడేళ్లు ఎలా నడిచాయి?


మైక్రోసెకను (జవాబు)

మీ చివరి ప్రశ్నలోనే సమాధానం ఉంది. ఆ అంకెలు మొదటి రోజు నుంచీ తప్పే. పాత కంప్యూటరు వాటిని పాటించలేదు కాబట్టి మీకు కనిపించలేదు. ప్యారలల్ పోర్టు మీద స్టెప్పులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ స్టెప్‌జెన్ తన బేస్ పీరియడ్ కంటే చిన్న సమయాన్ని కొలవలేదు, మీరు ఇచ్చిన ప్రతి అంకెనూ బేస్ పీరియడ్ గుణిజానికి పైకి సవరించుకుంటుంది. మీరు 200 నానోసెకన్లు అని రాసినా, దిశ తీగ మారిన తర్వాత స్టెప్ రావడానికి అక్కడ కనీసం 40,000 నానోసెకన్లు పట్టేది. 40 మైక్రోసెకన్లు ఏ డ్రైవరుకైనా తీరికైన సమయం. కొత్త బోర్డులో స్టెప్పులు తయారుచేసేది కంప్యూటరు కాదు, బోర్డు మీది ఎఫ్‌పీజీఏ అనే చిప్. దానికి 200 నానోసెకన్లు అని చెబితే 200 నానోసెకన్లే ఆగుతుంది.

డీఎం542 రకం డ్రైవర్లకు పల్సు వెడల్పు కనీసం 2.5 మైక్రోసెకన్లు ఉండాలని, దిశ సంకేతం పల్సు కంటే కనీసం 5 మైక్రోసెకన్లు ముందు స్థిరపడాలని వాటి పత్రాలలో ఉంటుంది. దిశకు మీరు ఇస్తున్న 200 నానోసెకన్లు అందులో ఇరవై అయిదో వంతు. దీనివల్ల జరిగేది చూడండి: కిందికి వెళ్తున్న జెడ్ పైకి తిరగాలి, దిశ తీగ మారింది, కానీ ఆ మార్పు డ్రైవర్ లోపల సంకేతాన్ని వెలుతురు ద్వారా దాటించే ఆప్టోకప్లర్‌ను దాటకముందే స్టెప్ వచ్చి పడింది. డ్రైవర్ పాత దిశే అనుకుని ఒక స్టెప్ కిందికి వేసింది. పైకి ఒకటి పడాల్సిన చోట కిందికి ఒకటి పడింది గనుక తేడా రెండు స్టెప్పులు, అంటే మీ స్కేల్ ప్రకారం 0.00625 మి.మీ. మీ మొదటి పరీక్షలో వచ్చిన 0.40 మి.మీ.ను దీనితో భాగిస్తే 64. వెయ్యి సార్లు కిందినుంచి పైకి తిరిగితే 64 సార్లు తప్పిందన్న మాట. ప్రతిసారీ ఎందుకు తప్పలేదంటే, దిశ మారిన వెంటనే స్టెప్ రావాలన్న నియమం లేదు. మలుపు దగ్గర వేగం సున్నాకు దిగుతుంది కాబట్టి చాలాసార్లు తర్వాతి స్టెప్పుకు కావలసినంత వ్యవధి దానంతటదే దొరుకుతుంది. స్టెప్ అంచున ఉన్న క్షణంలో దిశ మారినప్పుడే దెబ్బ తగులుతుంది. యాక్సిలరేషన్ తగ్గించినా మీకు ఫలితం కనిపించకపోవడానికి కారణం కూడా మోటారు బలంతో దీనికి నిమిత్తం లేకపోవడమే.

రెండు మలుపుల్లోనూ తప్పు జరిగితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా రావాలి కదా అని మీరు అడగవచ్చు. ఆప్టోకప్లర్ వెలగడానికి పట్టే సమయం, ఆరడానికి పట్టే సమయం ఒకటి కావు. అందుకే ఒకవైపు మలుపు గట్టెక్కుతుంది, రెండోవైపు మలుపు తప్పుతుంది. మీకు ఎప్పుడూ కిందికే జారడం దాని ఫలితమే. దిశ తీగ జతను తిప్పి కలిపి, సాఫ్ట్‌వేరులో స్కేలుకు మైనస్ గుర్తు పెట్టి చూస్తే జారడం పైకి మారవచ్చు. చేయమని చెప్పడం లేదు, ఎవరో ఒకరు అలా చేసి ‘మోటారు గురుత్వాకర్షణకు లొంగింది’ అన్న వాదన మొదలుపెట్టకుండా ముందే చెబుతున్నాను.

స్టెప్ టైమ్ 5000, స్టెప్ స్పేస్ 5000, డైరెక్షన్ సెటప్ 10000, డైరెక్షన్ హోల్డ్ 10000 పెట్టండి. వేగం తగ్గుతుందేమోనని సందేహించవద్దు. నిమిషానికి 4,500 మి.మీ. అంటే సెకనుకు 24,000 స్టెప్పులు, ఒక్కో స్టెప్పుకు మీ దగ్గర 41 మైక్రోసెకన్లకు పైగా ఉన్నాయి, వాడుకునేది 10 మాత్రమే. మూడు అక్షాలకూ మార్చండి. ఎక్స్, వై అక్షాలు కూడా జారుతూనే ఉండి ఉంటాయి, అయితే రిలీఫ్ పనిలో ఎక్స్ వరసకు ఒకసారే మళ్లుతుంది, జెడ్ వేల సార్లు మళ్లుతుంది. అంకెలు మార్చి మళ్లీ తెరిచాక హాల్‌షోలో (అప్పుడు అమల్లో ఉన్న విలువలను చూపే ప్రోగ్రామ్) స్టెప్‌జెన్ పరామితులు తెరిచి, కొత్త విలువలు నిజంగా ఎక్కాయో లేదో చూడండి. ఐఎన్‌ఐలో ఒకటి రాసి, హాల్ ఫైలులో మరొకటి విడిగా రాసిపెట్టి ఉండటం నేను చాలాసార్లు చూశాను.


నీలితీగ, డాలస్ (జవాబు)

జెడ్ సంగతి తేలిపోయినట్టే ఉంది కాబట్టి నేను ‘ఎర్రర్ ఫినిషింగ్ రీడ్’ గురించి రాస్తాను. సర్వో థ్రెడ్ ప్రతి మిల్లీసెకనుకూ బోర్డును ఒకసారి అడిగి జవాబు తెచ్చుకోవాలి. ఇచ్చిన గడువులోగా జవాబు రాకపోతే ఈ సందేశం వస్తుంది. కంప్యూటరు నుంచి పలకరింపు ఆగిపోతే బోర్డులోని వాచ్‌డాగ్, మామూలుగా 5 మిల్లీసెకన్ల గడువు తర్వాత, అవుట్‌పుట్లను ఆపేస్తుంది. అలా ఆగిన ప్రతిసారీ మళ్లీ హోమింగ్ (అక్షాలను వాటి మొదటి స్థానానికి తేవడం) చేయనిదే సగంలో వదిలిన పనిని కొనసాగించవద్దు.

టేకుపొట్టు గారూ, బోర్డు ఐపీ అడ్రసు ఏమిటో మీరు చెప్పలేదు. బోర్డు మీద అడ్రసును నిర్ణయించే చిన్న జంపర్ ముక్కలు మార్చకపోతే అది 192.168.1.121 అయి ఉండవచ్చు. దుకాణంలో వైఫై రూటర్ కూడా 192.168.1 వరుసలోనే అడ్రసులు ఇస్తూ, ఈ కంప్యూటరు ఆ వైఫైకి కూడా కలిసి ఉంటే, బోర్డుకు వెళ్లాల్సిన ప్యాకెట్ ఏ దారిన వెళ్లాలో కంప్యూటరుకు తికమక వస్తుంది. జంపర్లతో బోర్డును 10.10.10.10కు మార్చి, కంప్యూటరు వైపు ఆ తీగకు 10.10.10.1 అని స్థిరమైన అడ్రసు ఇవ్వండి. మధ్యలో స్విచ్ గానీ రూటర్ గానీ పెట్టవద్దు.

ఆ తర్వాత బయాస్‌లో సీ-స్టేట్స్, స్పీడ్‌స్టెప్ వంటి విద్యుత్తు ఆదా ఏర్పాట్లను, హైపర్‌థ్రెడింగ్‌ను ఆపేయండి. నెట్‌వర్క్ చిప్ ఇంటెల్‌ది అయితే ఈథ్‌టూల్‌తో ఇంటరప్ట్ కోయలెసింగ్ విలువను సున్నా చేయండి. అది వచ్చిన ప్యాకెట్లను కాసేపు పోగుచేసి ఒకేసారి అందించే ఏర్పాటు, ఇంటర్‌నెట్‌కు మంచిదే కానీ మన పనికి పనికిరాదు. ఇవన్నీ అయ్యాక లినక్స్‌సీఎన్‌సీ మూసి ఉండగా, రియల్‌టైమ్ ప్రాధాన్యంతో మిల్లీసెకనుకు ఒక పింగ్ చొప్పున బోర్డుకు పది నిమిషాలు పంపండి. చివర్లో వచ్చే గరిష్ఠ విలువ మిల్లీసెకనులో సగానికి బాగా తక్కువగా ఉండాలి. సగటును పట్టించుకోవద్దు, యంత్రాన్ని ఆపేది సగటు కాదు, వారానికి ఒకసారి వచ్చే ఆ ఒక్క ఆలస్యం.

మీ కాన్ఫిగరేషన్‌లో మరో అంకె కూడా చూడండి. స్టెప్‌జెన్ మాక్స్‌యాక్సెల్ విలువ అక్షం యాక్సిలరేషన్ కంటే పాతిక శాతం ఎక్కువ ఉండాలి. రెండూ సమానంగా ఉంటే, జిట్టర్ వల్ల వెనకబడిన కాస్త దూరాన్ని అందుకోవడానికి స్టెప్‌జెన్‌కు చోటు ఉండదు, కారణం తెలియని ఫాలోయింగ్ ఎర్రర్లు మొదలవుతాయి.


టేకుపొట్టు

మైక్రోసెకను గారూ, నాలుగు అంకెలూ మూడు అక్షాలకూ మార్చి, హాల్‌షోలో చూసుకుని, మొదటి పరీక్షను 1000కి బదులు 5000 సార్లు నడిపాను. గేజ్ ముల్లు బయలుదేరిన గీత మీదే ఉంది. నిన్న గజలక్ష్మి ప్యానెల్ మొత్తం దించాను. రెండు ఏనుగుల దంతాలూ కాలిపరుకు ఒకే మందం చూపించాయి. పాడైపోయిన రెండు టేకు పలకలను ఏం చేయాలో ఆలోచించుకోవాలి, అది వేరే విషయం.

నీలితీగ గారూ, మీరు ఊహించినట్టే బోర్డు 192.168.1.121 మీద ఉంది, డిజైన్ ఫైళ్లు తెచ్చుకోవడానికి కంప్యూటరుకు వైఫై డాంగిల్ కూడా పెట్టి ఉంచాను, దుకాణం రూటర్ వరుస కూడా అదే. బోర్డు అడ్రసు మార్చాను. వైఫై డాంగిల్ తీసేసి ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెస్తున్నాను. పది నిమిషాల పింగ్‌లో గరిష్ఠం 0.21 మిల్లీసెకన్లు వచ్చింది. స్టెప్‌జెన్ మాక్స్‌యాక్సెల్ నా ఫైలులో పాతిక శాతం ఎక్కువే ఉంది, దాన్ని పీఎన్‌సీకాన్ఫ్ తానే పెట్టినట్టుంది. వారానికి ఒకసారి వచ్చే సందేశం కాబట్టి అది పోయిందని ఇప్పుడే అనలేను. నెల రోజులు నడిపి, వచ్చినా రాకపోయినా ఇక్కడే రాస్తాను.

పాత కంప్యూటరును మా బావమరిది తన చిన్న రూటరుకు పట్టుకెళ్తున్నాడు. దానిలోని ఐఎన్‌ఐ ఫైలులో కూడా ఈ 200లను తీసేసి ఇచ్చాను.